పాటకు తోడు గొంతు



ఈ నెల 22వ తేదీన శ్రీసభ పునీత సిసిలియమ్మ పండుగను కొనియాడుతుంది. గాయక బృందాలకు, వాద్యకారులకు, పాటలు కట్టేవారికి ఆమె పాలక పునీతురాలు. ఆమె చరిత్రలో చిన్న విశేషం ఒకటి చెబుతారు. పెళ్లినాడు వాద్యాలు మోగుతూ ఉంటే ఆమె వాటిని చెవిన పెట్టక తన హృదయంలో ప్రభువుకు పాడుకున్నదట. అంటే సంగీతానికి పాలక పునీతురాలిగా మనకు దొరికింది పెళ్లిమేళాన్ని పట్టించుకోని పెళ్లికూతురన్నమాట! మన గుళ్లలో స్పీకర్ల మోత పెంచే తమ్ముళ్లు ఈ సంగతి కాస్త మనసున పెట్టుకుంటే బాగుండును. అది అలా ఉంచుదాం.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది, ఒక పాట వరుసకు తోడుగా రెండవ గొంతును, మూడవ గొంతును ఎలా కట్టాలి అన్న విషయం. దీనినే హార్మోనీ అంటారు. "ఇదేం ప్రసంగం, ఫాదర్? ఇది సంగీతం క్లాసు గదా!" అని మీలో కొందరు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఈ పని సరిగా తెలియక చేసినందువల్ల మా ఇబ్రహీంపట్నంలో ఒక అవ్వ గుడిలో పాడటం మానేసింది. అందులో నా తప్పు కూడా ఉంది.

మా గాయక బృందంలో ఒక కుర్రవాడున్నాడు. మా ఊరి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదువ లేదు. వాటిలో ఒకదానిలో మూడవ సంవత్సరం చదువుతున్నాడు. కీబోర్డు వాయిస్తాడు. ఫోనులో పాఠాలు చూసి, ఒక పాత పుస్తకం సంపాదించి, సొంతంగా హార్మోనీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. జూన్ నెలలో ఒకనాటి సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "ఫాదర్, మన పాత దేవమాత పాటకు నాలుగు గొంతులు రాస్త. ఆగస్టు పండుగకు పాడుదాం" అన్నాడు. నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో బృందంలో అడుగు గొంతు, అంటే బేస్, పాడేవాడిని. ఆ మోజు ఇంకా పోలేదు. అతడు తెచ్చిన కాగితాన్ని పైపైన చూసి "బాగుంది, కానియ్యి" అన్నాను. ఇన్నేళ్లుగా ఆ పాటను ఎత్తుకుంటున్నది ఎవరు, వాళ్లను ఒక్క మాట అడుగుదామా అన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆగస్టు 15, దేవమాత మోక్షారోపణ మహోత్సవం. దివ్యసత్ప్రసాదం పంచిన తరువాత పిల్లలు ఆ పాట అందుకున్నారు. నాలుగు గొంతులు. చాలా బాగా పాడారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. అయితే ముందు వరుసలో చాప మీద కూర్చునే పెద్ద వయసు స్త్రీలు మొదటి చరణం కలిసి పాడబోయి, రెండవ పాదానికే ఆగిపోయారు. వాళ్లలో ఒక అవ్వ ఆ పాటను చిన్నప్పుడు ఉపదేశిగారి దగ్గర నేర్చుకున్నది. మా గుడిలో ఆ పాటకు ఎత్తుగడ ఎప్పుడూ ఆమెదే. పూజ ముగిశాక ఆమె నా దగ్గరకు వచ్చి, "మంచిగనే పాడిండ్రు, ఫాదర్. గని మా పాట మాకు దొరకలే" అన్నది. కోపంగా అనలేదు. తరువాతి ఆదివారం ఆమె ముందు వరుసలో లేదు. వెనుక, తలుపు పక్కన కూర్చున్నది. పాడటం లేదు.

"పాతకాలపు వాళ్లు, కొత్తది నచ్చదు" అని సరిపెట్టుకోవడం నాకు సులువే. రెండు వారాలు అలాగే సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు హార్మోనీ అంటే ఏమిటో చూద్దాం. మన తెలుగు పల్లెల్లో కలిసి పాడటం అందరికీ తెలిసిన విద్యే. బతుకమ్మ ఆటలో ఒకామె పాదం ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగే వాళ్లంతా "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఒగ్గు కథలో, బుర్రకథలో ప్రధాన గాయకునికి వంతలుంటారు. "వాడికి వీడు వంత పాడుతున్నాడు" అని మనం చులకనగా అంటాము గాని, బుర్రకథ చూసినవారికి తెలుసు, మంచి వంత అడ్డుప్రశ్న వేస్తాడు, హాస్యమాడతాడు, కథ పక్కదారి పడితే తిరిగి లాక్కొస్తాడు. కాని పాట దగ్గరకు వచ్చేసరికి అందరిదీ ఒకటే వరుస. మగవారు కింది స్థాయిలో, ఆడవారు పై స్థాయిలో, అదే సా, అదే పా. ఈ రెండు స్థాయిల నడుమ ఉన్న నిష్పత్తి 2:1 అని, సా-పాల నడుమ 3:2 అని పైథాగరస్ శిష్యులు తీగలు కొలిచి చెప్పారు. గణితం రాని మన అమ్మలు, నాన్నలు ప్రతి ఆదివారం ఆ 2:1ని తప్పకుండా పాడుతూనే ఉన్నారు.

హార్మోనీలో పని వేరు. అక్కడ ఒక్కొక్క గొంతుకు తనదైన నడక ఉంటుంది. అందరూ ఒకే పాటలో ఉంటారు, అందరూ ఒకే స్వరం మీద ఉండరు.

మన గుడిలో హార్మోనియం పెట్టెను చూడండి. పేరులోనే హార్మోనీ ఉన్న వాద్యం అది. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్ నగరంలో తయారైనప్పుడు దానికి కాళ్లతో గాలి కొట్టేవారు. రెండు చేతులూ మెట్ల మీద స్వేచ్ఛగా ఉండేవి. కుడిచేయి వరుసను, ఎడమచేయి తోడు స్వరాలను వాయించేది. మన దేశంలో నేలమీద కూర్చొని వాయించుకోవడానికి వీలుగా చేతి హార్మోనియం వచ్చింది. అప్పుడు ఎడమచేయి గాలి తోలే పనికి పోయింది! పేరు మిగిలింది, హార్మోనీ పోయింది. పైగా మన సంగీతంలోని గమకాలు దాని మెట్ల మీద పలకవని చెప్పి 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి దానిని దూరంగా పెట్టింది. పాపం, అటు వాళ్లకూ ఇటు వాళ్లకూ కాకుండా పోయిన ఆ పెట్టెనే మన గుళ్లు ఆదరించాయి.

కీబోర్డు ఉన్న ఇళ్లలో పిల్లలు ఈ కింది మాటలు వాయించి చూసుకోవచ్చు. శంకరాభరణం అనగానే మనలో పెద్దవాళ్లకు 1980లో వచ్చిన సినిమా గుర్తుకొస్తుంది. ఆ రాగంలోని ఏడు స్వరాలే పాశ్చాత్యుల మేజర్ స్కేలు. ముత్తుస్వామి దీక్షితులవారు మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ వరుసలకు సంస్కృతంలో సాహిత్యం రాసింది కూడా ఈ రాగంలోనే. ఆ ఏడు స్వరాలలో ఒకటి విడిచి ఒకటి పట్టుకొని మూడింటిని కలిపి నొక్కితే అది ఒక కార్డు. సా-గా-పా ఒకటి, మా-ధా-సా ఒకటి, పా-నీ-రీ ఒకటి. ఈ మూడు కార్డులలో ఏడు స్వరాలూ వచ్చేశాయి, లెక్క చూసుకోండి. కాబట్టి ఆ రాగంలో ఏ పాట తీసుకున్నా, ప్రతి స్వరం కింద పెట్టడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. కొన్ని స్వరాలకు రెండు దొరుకుతాయి. సా కింద మొదటిదీ పెట్టవచ్చు, రెండవదీ పెట్టవచ్చు. పాట కట్టేవాని పని అక్కడే మొదలవుతుంది. ఎంచుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవారు స్వరానికొక కార్డు మారుస్తారు. అడుగడుగునా కూర్చొని లేచే మనిషి ఊరు చేరగలడా? తాళంలో దెబ్బ బలంగా పడే చోట కార్డు మారితే చాలు, నడుమ వచ్చే స్వరాలు దారిన పోయేవి, వాటిని పోనివ్వాలి. ముందు పై వరుసకు అడుగు గొంతును మాత్రమే రాసి, ఆ రెండూ బాగున్నాయని తేలాకే నడిమి గొంతుల జోలికి పోవాలి. పై గొంతు ఎక్కుతుంటే అడుగు గొంతు దిగడం మంచిది. రెండు గొంతులు సా-పాల దూరంలో జతగా ఒకే దిక్కుకు జరుగుతూ పోకూడదని పుస్తకాలు గట్టిగా చెబుతాయి. నిజానికి తొమ్మిదవ శతాబ్దపు ఐరోపా మఠాల్లో రెండు గొంతుల పాట మొదలైనదే అలా జతగా నడవడంతో! తరువాతి తరాలు దాన్ని ఎందుకు వద్దన్నాయంటే, అలా నడిస్తే రెండవ గొంతు మొదటిదాని నీడ అయిపోతుంది, గొంతులు రెండున్నా వినిపించేది ఒక్కటే. చివరగా, రాసిన ప్రతి గొంతునూ విడిగా పాడుకొని చూడాలి. మనిషి నోటికి పాటలా రావాలి. నడిమి గొంతు పాడే అమ్మాయిలకు నాలుగు తాళాలు ఒకే స్వరం ఇచ్చి కూర్చోబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ అమ్మాయిలు ఏమీ అనరు గాని, నెల తిరిగేసరికి సాధనకు రావడం మానేస్తారు.

చెన్నైలో ధనరాజ్ మాస్టరుగారు ఇలాంటి పాఠాలే ఎందరికో చెప్పారు. ఇళయరాజాగారు, ఎ.ఆర్. రెహమాన్‌గారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1983లో వచ్చిన 'సాగరసంగమం' పాటలు మన ఇళ్లలో నేటికీ వింటుంటాం గదా. ఈసారి విన్నప్పుడు పాడేవారిని కాసేపు వదిలి, అడుగున బేస్ గిటారు ఏమి చేస్తున్నదో చెవి పెట్టి వినండి. అది పాటను అనుకరించదు. తన పాట తాను పాడుకుంటూనే పై పాటను మోస్తుంది.

మరి మా కుర్రవాడు ఎక్కడ తప్పాడు? మా దేవమాత పాట శంకరాభరణంలో లేదు. అది మోహన రాగం వరుస. సా రీ గా పా ధా, ఐదే స్వరాలు. మా లేదు, నీ లేదు. పుస్తకంలోని మూడు కార్డులను తెచ్చి పెడితే రెండవదానితో మా, మూడవదానితో నీ లోపలికి వస్తాయి. పిలవని చుట్టాలు. ఆ అవ్వ జీవితమంతా ఆ పాటలో వినని స్వరం హఠాత్తుగా చెవిలో పడేసరికి ఆమె గొంతు నిలవలేదు. మోహనలో పూర్తిగా కుదిరే కార్డులు రెండే, సా-గా-పా, ధా-సా-గా. మిగిలిన చోట్ల పా-రీ అనే రెండు స్వరాలతో సరిపెట్టుకొని నడుమ ఖాళీ వదిలేయాలి. ఈ సంగతి అతనికి తెలియదు. నాకు తెలిసి ఉండవలసింది. పైగా అమ్మాయిల గొంతుకు అనువుగా శ్రుతి పెంచాడు. అది అవ్వకు అందలేదు.

అయితే అసలు తప్పు ఇంకొకటి ఉంది. అది సెప్టెంబరు దాకా మా ఇద్దరికీ తెలియలేదు.

సహోదరులారా, ఇది మన కాలంలో కొత్తగా వచ్చిన తగాదా కాదు. 1324-25 ప్రాంతంలో 22వ జాన్ పోపుగారు ఒక లేఖ రాశారు. గాయకులు గొంతు మీద గొంతు పేర్చి, తునకలు తునకలుగా స్వరాలను ఉరికించి, అసలు కీర్తన వరుసను గుర్తు పట్టకుండా చేస్తున్నారని ఆయన బాధ. ఒక్క మాటలో, మా అవ్వ చెప్పిన మాటే. అంతమాత్రాన ఆయన తోడు గొంతును పూర్తిగా నిషేధించలేదు, పండుగ రోజుల్లో అసలు వరుస చెడకుండా కొన్ని స్వరాలు కలుపుకోవచ్చునన్నారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన నిర్ణయంలో కూడా రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. గాయక బృందాలను పెంపొందించాలి, విశ్వాసుల సమూహమంతా తమ వంతు పాడగలగాలి. ఆ రెండవ సగాన్ని మేము ఆగస్టు 15న మరచిపోయాము. ఆ పత్రమే వేదప్రచార దేశాలలో ప్రజల సొంత సంగీత సంప్రదాయానికి తగిన గౌరవం ఇవ్వాలని కూడా చెబుతుంది.

మన సోదర శాఖకు చెందిన లూథరన్ సంగీతకారుడు బాఖ్ గారిని గురించి కూడా ఒక మాట. 1601లో హాస్లర్ అనే ఆయన కట్టిన ఒక ప్రేమగీతం వరుస తరువాత సిలువ పాటగా మారింది. బాఖ్ తన మత్తయి సువార్త శ్రమల గానంలో ఆ ఒక్క వరుసను ఐదుసార్లు వాడుకున్నాడు. ప్రజలు పాడుకునే పై వరుసను అలాగే ఉంచి, కింది గొంతులను ఆ ఘట్టానికి తగినట్టు మార్చాడు. ప్రభువు ప్రాణం విడిచిన వెంటనే వచ్చే చోట కింది స్వరాలు ఎంత చీకటిగా ఉంటాయో వింటే తప్ప తెలియదు. పెద్దవాళ్లు పాటను వంచలేదు, తాము వంగారు.

సువిశేష గ్రంథాల గ్రీకు మూలంలో సింఫొనీ అనే మాట ఉన్నదని మీకు తెలుసా? దాని అర్థం స్వరాలు కలవడం. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఇద్దరు ఏకమనస్కులై ప్రార్థించడాన్ని గురించి ప్రభువు చెప్పే చోట ఆ మాటకు చెందిన క్రియాపదమే ఉంది. 20వ అధ్యాయంలో యజమాని కూలివారితో దినానికి ఒక దెనారము కూలి కుదుర్చుకున్న చోటా అదే! కూలి బేరం కూడా స్వరం కలపడమే. మొదటి శతాబ్దం వెళ్లి రెండవ శతాబ్దం వచ్చే రోజుల్లో రోముకు హతసాక్షిగా తీసుకుపోబడుతూ పునీత ఇగ్నేషియసుగారు ఎఫెసు సంఘానికి లేఖ రాసి, గురువులు తమ పీఠాధిపతితో వీణకు తీగల వలె కూడి ఉన్నారని మెచ్చుకున్నారు. తీగలు అంటే ఒకే స్వరం పలికేవి కావు గదా. ఒక వాద్యానికి బిగించినవి, అంతే.

కాని నన్ను కదిలించింది లూకా సువార్త 15వ అధ్యాయం. తప్పిపోయిన కుమారుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. పొలం నుండి తిరిగి వస్తున్న పెద్దకొడుకుకు ఇంట్లోనుండి ఒక ధ్వని వినబడుతుంది. అక్కడ లూకాగారు రాసిన మాట సింఫొనీయా. అతడు ఆ మేళవింపును విన్నాడు, లోపలికి పోలేదు. ఎన్నో ఏళ్లు ఈ భాగం మీద ప్రసంగాలు చేశాను. ప్రతిసారీ పెద్దకొడుకునే తప్పుపట్టాను. సెప్టెంబరులో ఒక ఆదివారం, పీఠం దగ్గర నిలబడి ఆ సువిశేషం చదువుతూ ఉండగా నా చూపు తలుపు వైపు పోయింది. అవ్వ అక్కడ కూర్చొని ఉన్నది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పని చేసిన బిడ్డ. ఆమెను అడగకుండానే మేము లోపల మేళం పెట్టాము. ఉపమానంలో తండ్రి ఏమి చేశాడు? లోపలి మేళాన్ని ఆపలేదు. లోపల కూర్చొని కబురూ పంపలేదు. తానే బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం కుర్రవాణ్ణి తీసుకొని ఆమె ఇంటికి వెళ్లాను. అవ్వ గడప దగ్గర కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. ముందు క్షమాపణ చెప్పుకున్నాను. "గంత మాటెందుకు, ఫాదర్" అన్నది. ఆ పాట ఒక్కసారి మాకోసం పాడమని అడిగాము. చేతిలో పని ఆపకుండానే పాడింది. కుర్రవాడు ఫోనులో రికార్డు చేసుకుంటూ తానూ మెల్లగా గొంతు కలిపాడు. పల్లవి చివర వరుస పా గా రీ సా అని దిగుతుంది. అతడు తాళం దెబ్బకు సరిగ్గా సా మీదికి దిగాడు. ఆమె ఇంకా రీ మీదనే ఉన్నది. ఆ రీని కొంచెం ఊపి, దెబ్బ పడిపోయిన తరువాత మెల్లగా సాకు వచ్చింది. అప్పుడు చిక్కుడుకాయ పక్కన పెట్టి అతని వైపు చూసి, "గట్ల ఉరకకు, బిడ్డా. ఆడ జర ఆగాలె. తల్లి పేరు మీదికొచ్చి ఎంబడే దిగిపోతరా?" అన్నది.

అవును. ఆ చోట సాహిత్యంలో మరియమ్మ పేరు వస్తుంది.

ఇదీ ఆ అసలు తప్పు. ఆగస్టులో అతడు రాసిన కాగితంలో ఆ రీ లేదు. సా-గా-పా కార్డు దెబ్బ మీద సరిగ్గా కూర్చోవాలని వరుసనే సాపు చేశాడు. పాటకు కార్డు కట్టవలసింది, కార్డుకు పాటను కోశాడు. హార్మోనీ నేర్చుకునేవారు తరచు చేసే పొరపాటు ఇదే. తమకు తెలియకుండానే చేస్తారు, వరుస సరిగానే ఉందనుకుంటారు. ఆ స్త్రీలు తమ పాట దొరకలేదన్నది మొండితనం కాదు. నిజంగానే ఆ పాట అక్కడ లేదు.

అక్టోబరు మొదటి వారంలో కుర్రవాడు పుస్తకం పట్టుకొని పరుగున వచ్చాడు. కొత్త పాఠంలో సస్పెన్షన్ అనే సంగతి ఉంది. ఉద్యోగులకు ఇచ్చేది కాదు సుమా! కింది కార్డు మారిపోయినా ఒక గొంతు మాత్రం వెనుకటి స్వరాన్ని వదలకుండా పట్టుకొని ఉంటుంది. ఆ క్షణంలో అది పొసగదు, చెవికి నొప్పిగా తగులుతుంది. తరువాత ఒక్క మెట్టు దిగి కార్డులో కలిసిపోతుంది. దానికి మూడు షరతులు. ఆ స్వరం ముందు కార్డులో హాయిగా ఇమిడి ఉండాలి, దెబ్బ మీద అలాగే నిలవాలి, పిదప మెట్టు దిగాలి. ఐరోపాలో వందల ఏళ్లుగా గొప్పవారు సిలువ పాటల్లో, విలాప గీతాల్లో వాడుకున్న మెళకువ ఇది. "ఫాదర్, ఇది అవ్వ పాడేదే!" అన్నాడు. నిజమే. పా-రీ కింద ఉన్నప్పుడు ఆమె రీ హాయిగా ఇమిడిపోతుంది. అడుగు గొంతు సాకు మారినప్పుడు ఆమె రీ మీదనే నిలుస్తుంది. తరువాత దిగుతుంది. షరతులు మూడూ కుదిరాయి. గడప దగ్గర కూర్చున్న ఆమెకు ఆ పుస్తకంతో పని పడలేదు.

అతడు మొత్తం మళ్లీ రాశాడు. మొదటి చరణం కింద ఏమీ లేదు, ఆమె గొంతు ఒక్కటే. రెండవ చరణంలో అడుగు గొంతు సా, పాల మీద తంబురా లాగా నిలుస్తుంది. గా కలపలేదు, ఎందుకంటే ఆ స్వరాన్ని ఆమె ఊపుతూ పాడుతుంది, కీబోర్డు గా ఊగదు. మూడవ చరణంలో మాత్రమే మూడు గొంతులు. పల్లవి చివర మరియమ్మ పేరు దగ్గర సా పాడే హక్కు అడుగు గొంతుకు ఒక్కదానికే. మిగిలిన వాళ్లు గా, పాల మీద ఉండి ఆమె దిగేదాకా వేచి ఉండాలి. శ్రుతి ఆమెకు అందేటంత తగ్గించాడు. పై గొంతు అమ్మాయిలు సణిగారు. నాలుగవ గొంతును కొట్టివేసేటప్పుడు అతని ముఖం చూశాను. రాత్రుళ్లు మేలుకొని రాసుకున్నది, బాధ ఉండదా మరి? గురువిద్యాలయంలో హెరాక్లిటస్ పాఠం చెబుతూ మా ఆచార్యులవారు విల్లును, వీణను చూపించి, ఎదురెదురుగా లాగబడటం వల్లనే అవి పలుకుతాయని వివరించేవారు. పరీక్షలో ఆ జవాబు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. లాగబడేటప్పుడు తీగకు ఎలా ఉంటుందో ఆనాటి జవాబులో రాయలేదు.

జపమాల మాసం చివరి శనివారం సాయంత్రం ఆ పాట పాడాము. అవ్వ తలుపు దగ్గరినుండే ఎత్తుకున్నది. ముందు వరుసలోని స్త్రీలు వెనుదిరిగి చూసి, ఆమెతో కలిశారు. రెండవ చరణంలో అడుగు గొంతు మెల్లగా వచ్చి చేరింది. కొందరికి అది వచ్చిన సంగతి కూడా తెలియలేదు. మూడవ చరణం చివర ఒక కుర్రవాడు ఆగలేక ముందే సా మీదికి దిగిపోయాడు. అంత దూరం నుండి కూడా అవ్వ అతని వైపు ఒక చూపు చూసింది. మిగిలినవాళ్లు ఆగారు. ఆ రీ గుడి అంతటా ఒక్క క్షణం వేలాడింది, తరువాత దిగింది.

ఆమె ఇప్పటికీ తలుపు దగ్గరే కూర్చుంటుంది. ముందుకు రమ్మంటే, ఆడ గాలి మంచిగ వస్తది అంటుంది. పాడుతున్నది మాత్రం.

క్రిస్మస్ పాటల సాధన మొదలైంది. ఈసారి కుర్రవాడు కాగితం మీద ఏమీ పెట్టకముందే ఆమె ఇంటికి వెళ్లి వచ్చాడు. మా పాటల పుస్తకంలో లేని ఒక పాత జోలపాట, బాలయేసు మీద, ఆమె పాడి వినిపించిందట. దానికి ఏ కార్డు పెట్టినా కుదరడం లేదని నిన్న రాత్రి పదిన్నరకు నాకు ఫోను చేశాడు.